రిటర్న్ లోడు

"దిగండి నాన్నా, మీకు దణ్ణం పెడతా. వీధంతా చూస్తోంది" అన్నాడు మా మరిది.

"చూడనీ. ఈ వీధిలో చూడ్డానికి ఇంకా ఎవరున్నారని? ఆరిళ్ళకి తాళాలు పడ్డాయి. మిగిలిన ఆ నలుగురికీ ఏదో ఒక కాలక్షేపం కావద్దా?" అన్నారు మావయ్య, లారీలోంచి.

లారీ మాది. అందులోకి సగం ఎక్కిన సామాను మా మరిదిది. ఆ సామాను నడుమ మడత కుర్చీ వేసుకుని, చేతికర్ర మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని కూర్చున్నది మావయ్య. కూలీలిద్దరూ బీరువాని గుమ్మం దాకా మోసుకొచ్చి, ఎక్కించాలో మళ్ళీ లోపల పెట్టాలో తేలక, దాన్ని పడుకోబెట్టి దాని మీదే కూర్చుని టీ తాగుతున్నారు. నాకు మాత్రం ఒళ్ళంతా చెమటలు. ఈ లారీని ఏరికోరి ఈ గుమ్మానికి పంపిన మహాతల్లిని నేనే మరి.

అందులో నా తప్పెంతో మీరే చెప్పండి. నిన్న సాయంత్రం ఎదురుగుమ్మం ఆయన ఫోన్ చేశాడు. మా లారీ బుకింగ్ ఆఫీసుకి సరిగ్గా ఎదురుగా ఇంకో బుకింగ్ ఆఫీసు పెట్టుకుని, ముప్ఫై ఏళ్ళుగా మావయ్యతో పొద్దున టీ, పగలంతా పోటీ నడిపే మనిషి ఆయన. ఆయన బండ్లన్నీ బయటికి పోయి ఉంటే లోడు మాకిస్తాడు, మావి పోతే మేం ఆయనకిస్తాం. ఇచ్చేటప్పుడు సామాను పంపే పార్టీ పేరు మాత్రం ఛస్తే చెప్పుకోం. చెబితే రెండోవాళ్ళు ఆ పార్టీని శాశ్వతంగా ఎగరేసుకుపోతారని భయం. వీధి, సామాన్లు ఎన్ని, ఏ ఊరికి, అంతే.

"బడి వెనక వీధి, నలభై రెండు సామాన్లు, రేవు పట్నం" అన్నాడు.

ఈ నెలలో బడి వెనక వీధి నుంచి రేవు పట్నానికి అది ఏడో ఇల్లు. చెయ్యి అలవాటుగా రాసుకుపోయింది. మా మరిది కాపురం కూడా అదే వీధిలో ఉందన్న సంగతి ఈ మట్టిబుర్రకి తట్టి ఉంటే ఎంత బాగుండేది!

పోనీ మావయ్య ఇంట్లో ఉండకూడదూ? ఉండరు. ఏ లోడైనా మొదటి సామాను ఆయన చేత్తో ఎక్కాలి. మోకాళ్ళు మొరాయించినా సరే, ఓ చెంబో తలగడో అందించి కానీ వెనక్కి రారు. ఈ పొద్దున డ్రైవరు పక్కన దర్జాగా కూర్చుని బయల్దేరారు. బండి వెళ్ళి సొంత కొడుకు గుమ్మం ముందు ఆగింది. అప్పటికీ ఆయనకి అనుమానం రాలేదట. "చిన్నోడి పక్కింటివాళ్ళా వెళ్ళేది?" అని అడిగారట డ్రైవర్ని. లోపల్నించి చిన్న కోడలు చుట్టిన పరుపు పట్టుకుని ఎదురొచ్చింది. ఇంకేముంది!

డ్రైవరు ఫోన్ చేయగానే అత్తయ్యని స్కూటరు వెనక ఎక్కించుకుని పరుగున వచ్చాను.

"ఇంట్లో మూడు లారీలున్నాయి. కొడుకు సామాను మోయడానికి ఎదురుగుమ్మం వాడు కావాల్సొచ్చాడు" అన్నారు మావయ్య. "కన్నవాడికి చెప్పడానికి పెగలని నోరు వాడి దగ్గర పెగిలింది."

"చెబితే పంపేవారా?"

"ఛస్తే పంపను."

"అందుకే చెప్పలేదు."

"సామాను పంపేశాక చెబుదామనుకున్నావా?"

"సాయంత్రం ఇంటికొచ్చి చెబుదామనుకున్నా. భోజనాలయ్యాక" అన్నాడు మరిది. "మీరు తిని కూర్చున్నప్పుడైతే కోపం కాస్త తక్కువుంటుందని."

"విన్నావా వీడి లెక్క!" అన్నారు మావయ్య అత్తయ్యతో.

"ఆ లెక్క నేనే నేర్పాను. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నేను చేస్తున్నదీ అదే" అంది అత్తయ్య. వచ్చిన దగ్గర్నించీ ఆవిడ అరుగు మీద కూర్చుని, మనవడి బొమ్మలు ఒక్కొక్కటే గుడ్డతో తుడిచి సంచిలో వేస్తోంది. ఏ పక్షమో తేల్చలేదు. తేలితే ఇద్దరిలో ఒకరికి అన్నం దిగదని ఆవిడకి తెలుసు.

మా తోటికోడలు గ్లాసుతో నీళ్ళు, అరచేతిలో మాత్ర పట్టుకుని లారీ దగ్గరికి వచ్చింది. "మావయ్యా, పొద్దుటి బీపీ మాత్ర వేసుకోకుండా వచ్చారట. ముందిది వేసుకుని ఆ తర్వాత అలగండి."

ఆయన కిందికి చెయ్యి చాపి మాత్ర తీసుకుని మింగి, గ్లాసు తిరిగిచ్చారు. "నీ మీద నాకేం కోపం లేదమ్మా. నీ బడి సంగతి నాకు తెలుసు."

తెలుసు. ఒకప్పుడు తరగతికి నాలుగు గదులు సరిపోని బడి. మూడో తరగతిలో ఇప్పుడు తొమ్మిది మంది పిల్లలు. సగం మంది టీచర్లని రేవు పట్నానికే మార్చేశారు, పిల్లలంతా అక్కడే ఉన్నారు కాబట్టి. అక్కడే టీచరైన మా తోటికోడలికి పోయిన నెలే బదిలీ కాగితం వచ్చింది. నూలు మిల్లు మూతపడ్డప్పుడు మా మరిది ఉద్యోగం పోయింది. పదకొండు నెలలుగా మా ఆఫీసులో నా ఎదురు కుర్చీలో కూర్చుని, చేసిన పనే మళ్ళీ చేస్తూ, లేని పని కోసం ఫోన్ వైపు చూస్తున్నాడు.

"అక్కడ ఏం చేస్తావు?" అని అడిగారు మావయ్య.

మరిది తల దించుకున్నాడు. "యార్డు మేనేజరు. ఎదురుగుమ్మం ఆయన అక్కడ రేవు పక్కన లారీల యార్డు తీసుకున్నాడుగా. అందుకే బండి కూడా ఆయనే..."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఆ లోడు మాకే ఇచ్చింది పొరపాటునో, కావాలనో ఆ ఎదురుగుమ్మం ఆయనకే తెలియాలి. కూలీలు కూడా టీ తాగడం ఆపేశారు.

మావయ్య అరుస్తారనుకున్నాను. అరవలేదు. కర్ర ఆ మోకాలి మీంచి ఈ మోకాలి మీదికి మార్చుకున్నారు.

"ఒరేయ్ చిన్నోడా, నువ్వు తొందరపడుతున్నావురా" అన్నారు, ఎంతో మెత్తగా. "ఊరు ఖాళీ అయిపోతోందని నువ్వంటున్నావు. బయటికి పోతున్న బండ్లనే చూస్తున్నావు. వెనక్కి వస్తున్న బండ్లని నేను చూస్తున్నాను. ఊరు బతికుందో లేదో పోయే సరుకు చెప్పదు, వచ్చే సరుకు చెబుతుంది. ఊళ్ళో కొనేవాడూ వాడేవాడూ లేకపోతే ఎవడైనా సరుకెందుకు పంపుతాడు? ముప్ఫై నాలుగేళ్ళలో నా బండి ఒక్కసారి ఖాళీగా వచ్చింది. ఒకే ఒక్కసారి. ఆ తర్వాత అన్నీ నిండుగానే వస్తున్నాయి. ఆఫీసు మెట్ల మీద నిలబడి నా కళ్ళతో చూస్తున్నాను."

డ్రైవరు నావైపు చూశాడు. అతన్నందరూ అరగంటన్న అంటారు. ఎక్కడున్నావని ఎప్పుడడిగినా అరగంటలో ఉంటానంటాడు. ఇప్పుడు అతని మొహం చూస్తే అరగంట కాదు, అరక్షణం కూడా అక్కడ ఉండేలా లేడు.

ఎందుకంటే ఆ నిండు బండ్ల గుట్టు మా ఇద్దరికీ, మా ఆయనకీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఆ ఒక్కసారి బండి ఖాళీగా వచ్చిన రోజు మావయ్య అన్నం ముట్టలేదు. మెట్ల మీద కూర్చుండిపోయారు. మర్నాడు కళ్ళు తిరిగి పడ్డారు. మనసుకి కష్టం కలగనివ్వకండని డాక్టరు చెప్పాడు. చెప్పడం ఆయనకి తేలిక. తర్వాతి వారం రేవు పట్నంలో మూడు రోజులు కాచుకున్నా అరగంటన్నకి రిటర్న్ లోడు, అంటే వెనక్కి వేసుకురావడానికి సరుకు, దొరకలేదు. మిల్లు లేని ఊరికి పత్తి ఎవరు పంపుతారు, మనుషులు వెళ్ళిపోయిన ఊరికి మంచాలెవరు పంపుతారు? నేను ఊరి చివర లారీలు తూచే కాటా దగ్గరికి స్కూటరు మీద వెళ్ళి, ఖాళీ డ్రమ్ములు ఎక్కించి, పైన పట్టా కప్పి తాడు బిగించాను. బండి ఆఫీసు ముందునుంచి రెండు హారన్లు కొట్టుకుంటూ పోయింది. మావయ్య చెయ్యెత్తి ఊపారు. ఆ పూట రెండు సార్లు వడ్డించుకుని తిన్నారు.

ఆ ముద్ద చూసి నేను మురిసిపోయాను. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అనుకుంటూ పదకొండు నెలలు అవే డ్రమ్ముల్ని ఊరేగించాను.

"నా మాట నమ్మకపోతే ఇప్పుడే తేల్చేద్దాం" అంటూ మావయ్య జేబులోంచి ఫోన్ తీశారు. "పెద్దోడు ఇంకో బండి తీసుకుని దారిలోనే ఉన్నాడుగా." అందరికీ వినపడేలా స్పీకరు పెట్టారు.

"చెప్పండి నాన్నా" అన్నాడు మా ఆయన.

"ఏం వేసుకొస్తున్నావురా?"

మా ఆయనకి అబద్ధం చెప్పడం బొత్తిగా రాదు. నేను నేర్పిందే చెబుతాడు. "సిమెంటు నాన్నా."

"పోయినసారీ సిమెంటే కదా?"

"అవును నాన్నా. అదీ... మన ఊళ్ళో ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారు."

ఇల్లు సంగతి నేను నేర్పలేదు. ఆ మహానుభావుడు సొంతంగా చేర్చాడు.

మావయ్య మొహం చూడాలి అప్పుడు. కుర్చీలోంచి సగం లేచారు. "విన్నావురా? విన్నారా అందరూ? ఇల్లు కడుతున్నారట! మన ఊళ్ళో! రెండు లోడ్ల సిమెంటంటే చిన్నా చితకా ఇల్లు కాదు." కర్రతో లారీ పక్క చెక్కని తట్టారు. "ఏ వీధిరా పెద్దోడా? హలో? కట్ అయిపోయింది. పరవాలేదు, వెతుక్కుందాం. ఒరేయ్ చిన్నోడా, రా, చెయ్యి పట్టుకుని దించు. ఆ ఇల్లు నీకు చూపిస్తాను. పునాది చూశాక కూడా వెళ్తానంటే వెళ్ళు, నేనే ఎక్కిస్తా."

మరిది ఆశగా చెయ్యి చాపాడు. తండ్రి దిగితే చాలు వాడికి. ఆయన వంగి ఆ చెయ్యి అందుకోబోయారు.

లేని ఇంటి కోసం ఆ మోకాళ్ళతో ఊరంతా తిరుగుతారు. వీధి వీధీ అడుగుతారు. నాకు ఇంక నోరు నొక్కుకోవడం చేతకాలేదు.

"ఇల్లు లేదు మావయ్యా" అన్నాను.

"అంటే?"

"సిమెంటు లేదు. ఆ బండిలో ఖాళీ డ్రమ్ములున్నాయి. పోయినసారీ అవే. అంతకుముందూ అవే. పదకొండు నెలలుగా రిటర్న్ లోడు లేదు మావయ్యా. ఒక్కటీ రాలేదు."

ఆయన చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అరగంటన్న వెళ్ళి టైర్లో గాలి చూడడం మొదలుపెట్టాడు. చూసిన టైరే మళ్ళీ చూస్తున్నాడు.

"పట్టా కట్టింది ఎవరు?"

"నేనే."

"డ్రమ్ములు కదిలితే చప్పుడవుతుంది. నాకెప్పుడూ వినపడలేదే."

"మధ్యలో పాత పరుపులు కుక్కాను."

"తాడు?"

"మీరు నేర్పినట్టే. మూల దగ్గర రెండు చుట్లు, కొక్కేనికి ఒక మడత."

మావయ్య నెమ్మదిగా తల ఊపారు. "అదీ సంగతి. కట్టు ఎంత బాగుందిరా అని నేను అరగంటగాడిని మెచ్చుకుంటూ వచ్చాను."

"నేను తల వంచుకునేవాడిని పెద్దయ్యా" అన్నాడతను టైరు దగ్గర్నుంచే. "మెప్పు ఒక్కసారి కూడా పుచ్చుకోలేదు, ఒట్టు."

కూలీల్లో ఒకడు ఫక్కుమన్నాడు. మావయ్య పెదవులు కూడా ఓసారి కదిలాయి, నవ్వేస్తారేమో అనిపించింది. అంతలో ఆయన చూపు మరిది మీద పడింది. అక్కడే ఆగిపోయింది.

"నాలుగు నెలల కిందట రేవువాళ్ళు మనింటికి వచ్చారు" అన్నారు. "యార్డు ముందు మనకే ఇస్తామన్నారు. నువ్వే టీ తెచ్చావమ్మాయ్."

"అవును మావయ్యా."

"నేనేం చెప్పాను వాళ్ళకి?"

అరుగు మీంచి అత్తయ్య చెప్పింది, చేతిలో బొమ్మ పక్కన పెట్టి. "రెండు వైపులా నిండుగా తిరిగే బండ్లున్నవాడికి అక్కడ యార్డెందుకన్నారు."

అంతే. ఆయన కర్ర మీద గడ్డం ఆనించుకున్నారు. ఆ రోజు టీ కప్పులు అందిస్తూ నేను ఆ మాట విన్నాను. విని, కప్పులు ఏరుకుని లోపలికి పోయాను. ఆ ఒక్క నిమిషం నేను నోరు విప్పి ఉంటే యార్డు మాది. మరిది మా యార్డుకే మేనేజరుగా, నాన్న కట్టించిన పెట్టెలతో, పొద్దుటే అందరికీ చెప్పి వెళ్ళేవాడు. ఆయన గుండె కాపాడుతున్నాననుకుంటూ ఆయన కాళ్ళ కింద నేల తీసి ఎదురుగుమ్మంలో పెట్టొచ్చాను.

"తిట్టండి మావయ్యా" అన్నాను. ఏడుపు ఆగలేదు. "ఆ కర్ర తీసుకుని రెండు వెయ్యండి, పడతాను. ఇలా ఊరుకోకండి."

ఆయన నావైపు చూడలేదు. మరిది నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. "వదిన్ని ఏమీ అనకండి నాన్నా. నాకూ తెలిసుండాల్సింది. ఎదురుగా కూర్చుని నేనూ కనిపెట్టలేదు."

"ఎవరేమన్నారురా ఆవిడని?" అన్నారు మావయ్య. తర్వాత కూలీల వైపు తిరిగారు. "ఏమయ్యా, ఆ బీరువా మీద కాపురం పెట్టారా? ఎత్తండి. అద్దం లోపలివైపు ఉండాలి. కింద ఆ పరుపు వేసి ఆనించండి. కొత్త ఇంటికి పగిలిన అద్దంతో పోతే నా బండి పరువు పోతుంది."

నలభై రెండు సామాన్లూ గంటలో ఎక్కాయి. ఆయన కుర్చీలోంచే అన్నీ చెప్పారు. మనవడి సైకిల్ ఎక్కడ పెట్టాలో, వంటింటి పెట్టె మీద ఏది పెట్టకూడదో కర్రతో చూపించారు. ఆఖరున కుర్చీ కూడా మడిచి మరిది చేతికిచ్చి, వాడి భుజం పట్టుకుని దిగారు. దిగాక కూడా ఆ భుజం మీంచి చెయ్యి తీయలేదు.

"రైలెప్పుడు మీకు?"

"మధ్యాహ్నం నాన్నా."

"పిల్లాణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టకు, దుమ్ము." అంటూనే ఆయన లారీ ముందుకి నడిచి, క్యాబిన్ తలుపు తీసి, అరగంటన్న చెయ్యి ఊతంగా పైకెక్కారు.

మేమంతా తెల్లబోయాం. అత్తయ్య అరుగు దిగి వచ్చింది. "ఎక్కడికండీ?"

"రేవు పట్నం."

"ఎందుకు?"

"ఇంతమందీ ఎక్కడికి పోతున్నారో చూడ్డానికి. ముప్ఫై నాలుగేళ్ళు అందరి సామానూ పంపాను. నేను పోయి చూసింది లేదు."

"బాగానే ఉంది. మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"రిటర్న్ లోడు దొరికినప్పుడు."

"ఈ మొండితనం నా దగ్గరా!"

"మొండితనం కాదే. నా బండి ఖాళీగా రాదు. నేనెక్కిన బండి అసలే రాదు."

అత్తయ్య ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. నన్ను చూసింది. కొడుకుని, కోడల్ని, తాళాలు పడ్డ ఇళ్ళని చూసింది. తర్వాత బొమ్మల సంచి భుజాన తగిలించుకుని మెట్టు మీద కాలు పెట్టింది. "అయితే కాస్త జరగండి. మీ మాత్రలు ఎవరు గుర్తుచేస్తారు?"

"నువ్వెక్కడికి? ఇల్లో?"

"ఇల్లెక్కడికీ పోదు. మనుషులే పోతున్నారు. జరగండి."

ఆయన జరిగారు. అరగంటన్న బండి స్టార్ట్ చేశాడు. నేను కిటికీ దగ్గరికి పరుగెత్తాను. పొద్దుటి నుంచి నాతో సరిగా మాట్లాడని మనిషి, నన్ను కోడలిగా కాక కూతురిగా చూసి లారీ పనంతా నేర్పిన మనిషి, అప్పుడు నా మొహంలోకి చూశారు. కోపం ఉందో లేదో తెలియలేదు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

"అమ్మాయ్."

"ఆఁ మావయ్యా."

"లోడు నువ్వు చూడు. ఈసారి నిజంది."

లారీ మలుపు తిరిగిపోయింది. నేను ఆఫీసుకి వచ్చి తాళం తీసి, ఫోన్ ముందు కూర్చున్నాను. ఈ ఊరికి ఏం కావాలి? ఎవరికి కావాలి? ఒక్కటంటే ఒక్కటి తట్టలేదు. మధ్యాహ్నం రెండింటికి మొదటిసారి ఫోన్ మోగింది. గబుక్కున తీశాను.

"అమ్మా, లారీ కావాలండి" అంది ఎవరో ఆడమనిషి గొంతు. "ఇంటి సామాను."

"ఎక్కణ్ణుంచి ఎక్కడికమ్మా?" అని అడిగాను. ఆవిడ చెప్పేలోగా కళ్ళు గట్టిగా మూసుకున్నాను.